కంపెనీ గ్రీన్‌హౌస్ వాయువుల లెక్క ఎలా తీయాలి?

కావలసినవి: ఏడాది కరెంటు బిల్లులు, ఇంధనం కొన్న రసీదులు, ఏసీల సర్వీసు రికార్డులు, ఒక ఎక్సెల్ షీట్. మొదటి ఏడాది సాఫ్ట్‌వేర్ కొనొద్దు. ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందని ఆడిటర్ అడిగితే, సాఫ్ట్‌వేర్‌ని నమ్ముకున్నవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు.

1. హద్దు గీయండి

ఏ ఆఫీసులు, ఏ ప్లాంట్లు లెక్కలోకి వస్తాయో ముందే రాసుకోండి. ఈ లెక్కలకు కంపెనీలు పాటించే ప్రమాణం జీహెచ్‌జీ ప్రోటోకాల్. అది మూడు పద్ధతులు ఇస్తుంది: వాటా ప్రకారం, ఆర్థిక నియంత్రణ ప్రకారం, నిర్వహణ నియంత్రణ ప్రకారం. మూడోదే తీసుకోండి. మీరు నడిపే చోటి బిల్లులు మీ దగ్గరే ఉంటాయి.

2. మూడు భాగాలు చేయండి

మీ బాయిలర్లు, జనరేటర్లు, సొంత వాహనాల్లో కాలినది స్కోప్ 1. కొన్న కరెంటు, ఆవిరి స్కోప్ 2. సరుకులు, రవాణా, ఉద్యోగుల ప్రయాణాలు లాంటి 15 రకాలు స్కోప్ 3.

ఏసీ గ్యాస్ లీకు కూడా స్కోప్ 1లోకే వస్తుంది. దీన్ని దాదాపు అందరూ మర్చిపోతారు. ఏసీల్లో వాడే ఆర్-410ఏ గ్యాస్ ఒక్క కిలో లీకైతే సుమారు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం.

3. పరిమాణాలు ఎక్కించండి

ఒక బిల్లుకు ఒక వరుస. లీటర్లు, యూనిట్లు, కిలోలు రాయండి, డబ్బు కాదు.

4. ఎమిషన్ ఫ్యాక్టర్ ఎంచుకోండి

ఒక లీటరుకో, ఒక యూనిట్‌కో ఎంత వాయువు వెలువడుతుందో చెప్పే అంకే ఎమిషన్ ఫ్యాక్టర్. కొంప మునిగేది ఇక్కడే. చూడ్డానికి ఒక్క గుణకారం: వాడిన పరిమాణాన్ని ఫ్యాక్టర్‌తో హెచ్చించాలి. లీటరు డీజిల్ కాలిస్తే 2.7 కిలోలకు కాస్త అటూఇటూ కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఇంత సులువుగా కనిపించేసరికి ఇంటర్నెట్‌లో మొదట దొరికిన అంకె పెట్టేస్తారు.

ఆ ఫ్యాక్టర్ లీటరుకా, కిలోకా, కిలోవాట్ అవర్‌కా చూడండి. సహజవాయువైతే అది స్థూల ఉష్ణ విలువ (పొగలోని నీటి ఆవిరి వేడినీ కలిపింది) మీదా, నికర విలువ (ఆ వేడిని తీసేసింది) మీదా అన్నది కూడా చూడాలి. ఒకటి పెట్టాల్సిన చోట ఇంకోటి పెడితే లెక్క 10 శాతం దాకా తప్పుతుంది. మీథేన్, నైట్రస్ ఆక్సైడ్‌లను కలిపిన అంకా, ఉత్త కార్బన్ డయాక్సైడా? కలిపితే ఏ ఐపీసీసీ (ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పు శాస్త్రవేత్తల సంఘం) నివేదిక విలువలతో? ఐదో నివేదికలో మీథేన్ విలువ 28, అంటే కిలో మీథేన్ 28 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఏ నివేదిక తీసుకున్నా షీటు మొత్తానికి అదే వాడండి.

కొన్ని డీజిల్ ఫ్యాక్టర్లలో చమురు తవ్వకం, శుద్ధి కూడా కలిసి ఉంటాయి. ఆ భాగం స్కోప్ 3కి చెందుతుంది. తెలియక మొత్తం స్కోప్ 1లో పెట్టి, స్కోప్ 3లో మళ్లీ కలిపితే ఒకే లీటరును రెండుసార్లు లెక్కేసినట్టే.

కరెంటుకు మీ గ్రిడ్ ఫ్యాక్టరే కావాలి, అదీ ఆ ఏడాదికి దగ్గరలోది. గ్రీన్ సర్టిఫికెట్లు (సౌర, పవన లాంటి కరెంటు తయారైందని ఇచ్చే పత్రాలు) కొన్నాం కాబట్టి స్కోప్ 2 సున్నా అని రాసి ఊరుకోవద్దు. ఆ సున్నా మార్కెట్ పద్ధతిలో, అంటే మీ కరెంటు ఒప్పందాలు, సర్టిఫికెట్లను బట్టి వేసే లెక్కలో మాత్రమే. గ్రిడ్ సగటు మీద తీసిన అంకెనూ పక్కనే చూపించాలి.

ప్రతి ఫ్యాక్టర్ పక్కన అది ఎక్కడిదో, ఏ ఏడాదిదో రాసే గడి ఉండాలి. ఆ గడి ఖాళీగా ఉన్న షీటును నేను తెరిచి కూడా చూడను.

5. స్కోప్ 3

ఖర్చును బట్టి అంచనా వేయడం మొదటి చూపుకు పనికొస్తుంది. దాన్నే ఏటా నడిపేస్తే మాత్రం విడ్డూరం: బేరమాడి ధర తగ్గించుకుంటే ఉద్గారాలు తగ్గినట్టు, ధర పెరిగితే పెరిగినట్టు కనిపిస్తాయి. ఆ అంచనాలో పైకి తేలిన పెద్ద సరఫరాదారులను పట్టుకుని వాళ్ల ఉద్గారాల టన్నుల లెక్క అడగండి. చిన్నవాళ్ల కోసం నెలలు ఆగొద్దు.

6. పోల్చండి

రెండో ఏడాది మొత్తం తగ్గితే, వాడకం తగ్గిందా, గ్రిడ్ ఫ్యాక్టర్ తగ్గిందా విడివిడిగా రాయండి. మధ్యలో ఇంకో కంపెనీని కొన్నా, ఒక ప్లాంటు అమ్మినా, మార్పు పెద్దదైతే ఆధార సంవత్సరం (పోలికకు పెట్టుకున్న మొదటి ఏడాది) అంకెలనూ మళ్లీ లెక్కించాలి.