పెద్దకర్మ అయిపోయాక: గుంటూరులో సపోర్ట్ గ్రూపు నడపాలంటే

పెద్దకర్మ దాకా ఇంటి నిండా జనమే. అయినవాళ్ళను పోగొట్టుకున్నవాళ్ళు కలిసి కూర్చుని మాట్లాడుకునే గ్రూపు అవసరం ఆ తర్వాత పడుతుంది. మనిషి పోయిన కుటుంబాలనీ, ఇంకా వైద్యం జరుగుతున్న కుటుంబాలనీ కలిపి కూర్చోబెట్టకండి. జీజీహెచ్‌లో (ప్రభుత్వ పెద్దాసుపత్రిలో) తల్లికి కీమో చేయిస్తున్న కొడుకు పక్కన, అదే జబ్బుతో తల్లిని పోగొట్టుకున్నావిడ ఉంటే ఆవిడ నోరు విప్పలేదు, అతను మళ్ళీ రాడు.

ఎవరింట్లోనూ పెట్టొద్దు. ఏటిసూతకం పాటించేవాళ్ళు ఏడాదిపాటు ఇంకొకరి గడప తొక్కడానికి జంకుతారు. ఆదివారం ఖాళీగా ఉండే బడి గది అడగండి. పొద్దున్నే మొదలుపెడితే ఎండ ముదరకముందే ఊళ్ళవాళ్ళు బస్సెక్కుతారు.

ఎనిమిది మంది, గుండ్రంగా కుర్చీలు, గంటన్నర. మైకు వద్దు, దండలేసిన ఫొటోలు అసలే వద్దు. నడిపేవాళ్ళు ఇద్దరుండాలి. ఎవరైనా తట్టుకోలేక లేచి వెళ్ళిపోతే ఒకరు వెంట వెళ్ళాలి కదా. మనిషికి ఐదు నిమిషాల చొప్పున 40 నిమిషాలు. తర్వాత ఒక్క విషయమే తీసుకోండి: నిద్ర పట్టకపోవడమో, ఆసుపత్రి అప్పో, బీరువాలో మిగిలిన బట్టలో. చివరి పది నిమిషాలు టీ, మామూలు కబుర్లు. ఏడుపు మధ్యలో ఎవరినీ ఇంటికి పంపకూడదు.

గ్రూపులు ఎక్కువగా చెడేది సలహాలతోనే. "ఊరుకోమ్మా, పిల్లల కోసమైనా గుండె దిటవు చేసుకో" అన్నారంటే ఆవిడ మాట అక్కడితో సరి. నడిపేవాళ్ళు వెంటనే అందుకోవాలి: "ముందు ఆవిణ్ణి చెప్పనిద్దామండీ." అత్తాకోడళ్ళను ఒకేచోట కూర్చోబెడితే ఇద్దరూ మర్యాదకే మాట్లాడతారు. చీటీలవాళ్ళను, ఆకుమందు అమ్మేవాళ్ళను గుమ్మంలోనే ఆపేయండి. వాట్సాప్‌లో అడ్మిన్లు మాత్రమే రాసేలా పెట్టి, తేదీ, చోటు తప్ప ఇంకేమీ రానివ్వకండి.

కాగితాల సాయాన్ని తక్కువ చేయొద్దు. మరణ నమోదు 21 రోజుల్లోపు చేయిస్తే రుసుము ఉండదు. పెద్దకర్మ అయ్యేసరికి మిగిలేది వారం పైచిలుకే. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి.

ఇక్కడి మాట గడప దాటకూడదన్నది మొదటి నియమం. దానికి మినహాయింపు ఒకటుందని తొలిరోజే చెప్పేయండి. ఎవరైనా చచ్చిపోవాలనుందంటే నడిపేవాళ్ళు ఆ మనిషి ఇంటివాళ్ళను పిలుస్తారు, వాళ్ళొచ్చేదాకా ఆ మనిషిని ఒంటరిగా వదలరు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉచితం, ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు. ఫోను అక్కడే కలిపి ఇవ్వండి. నంబరు రాసిచ్చి పంపేస్తే చాలామంది చేయరు.