హైదరాబాద్‌లో గది ఎక్కడ తీసుకోవాలి? తరచూ వచ్చే సమస్యలు, వాటి పరిష్కారాలు

మా ఊరి నుంచి ఎవరు హైదరాబాద్ బయలుదేరినా ముందు నాకే ఫోన్ చేస్తారు. "రూము ఎక్కడ తీసుకోమంటావురా?" అని అడుగుతారు. ఆరేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను కాబట్టి టక్కున చెప్పేస్తానని వాళ్ల నమ్మకం. నేను మాత్రం ఎదురు ప్రశ్న వేస్తాను: "మర్నాడు పొద్దున మొదటి పని ఎక్కడ, ఎన్ని గంటలకు?" ఆ జవాబు తెలిస్తే ఏ ఏరియాలో దిగాలో దానంతటదే తేలిపోతుంది. అది చూసుకోకుండా గది తీసుకున్నవాళ్లు తర్వాత ఫోన్‌లో చెప్పుకునే బాధలు దాదాపు ఒకేలా ఉంటాయి. వాటినే ఒక్కొక్కటిగా రాస్తున్నాను.

సమస్య: గది బాగుంది, కానీ పనికి చేరేసరికి టైమ్ దాటిపోయింది

ఇది నాకే జరిగింది. ఎనిమిదేళ్ల కిందట, నేనింకా ఇక్కడికి మారకముందు, అమ్మను గచ్చిబౌలి వైపు ఒక ఆసుపత్రికి తీసుకొచ్చాను. రైలు దిగేది సికింద్రాబాద్‌లో కాబట్టి స్టేషన్‌కు దగ్గర్లోనే ఒక లాడ్జిలో గది తీసుకున్నాను. మర్నాడు 9 గంటలకు రక్తపరీక్ష, పరగడుపున రమ్మన్నారు. ముందు రోజు రాత్రి పదకొండింటికి ఫోన్‌లో మ్యాప్ చూస్తే ముప్పావుగంట చూపించింది. పొద్దున ఎనిమిదింటికి ఆటో ఎక్కాం, టైముంది అనుకున్నాను. పంజాగుట్ట దాటడానికే చాలాసేపు పట్టింది. అమ్మ ఒళ్లో ఫైళ్ల సంచి, చేతిలో మూత తీయని నీళ్ల సీసా. నీళ్లు తాగొచ్చని చెప్పినా పరీక్ష పాడవుతుందేమోనని తాగలేదు. "ఇంకెంత దూరంరా?" అని రెండుసార్లు అడిగి, తర్వాత అడగడం మానేసింది. చేరేసరికి పదింబావు. మా టోకెన్ దాటిపోయింది, మళ్లీ వరస చివర్లో కూర్చున్నాం. షుగర్ ఉన్న మనిషి, నోట్లో ఇడ్లీ ముక్క పడేసరికి పన్నెండు దాటింది. ఆ పూట అమ్మ మొహం చూడలేకపోయాను.

కారణం: దిగే చోటు చూసి గది తీసుకోవడం. రైలు దిగడం ఒక్కసారే, అదీ సామాన్లతో ఎలాగోలా వెళ్లిపోవచ్చు. టైముకు చేరాల్సింది మర్నాటి పనికి. రెండో తప్పు, రాత్రిపూట మ్యాప్ చూసి పొద్దుటి ప్రయాణం లెక్కేసుకోవడం. పొద్దున ఎనిమిదిన్నర నుంచి పదకొండు దాకా సగం నగరం హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు కదులుతుంది. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిదిన్నర, తొమ్మిది దాకా అదంతా వెనక్కి వస్తుంది. వాన పడితే ఈ లెక్క కూడా నిలవదు.

పరిష్కారం: గూగుల్ మ్యాప్స్‌లో మీరు అనుకున్న లాడ్జి నుంచి పని ఉన్న చోటికి దారి పెట్టండి. అందులో బయలుదేరే సమయం మార్చుకునే వీలుంది. మీరు వెళ్లే రోజు, వెళ్లే గంట అక్కడ పెట్టండి. "40 నిమిషాల నుంచి గంటన్నర" అన్నట్టుగా రెండు అంకెలు చూపిస్తుంది. పెద్ద అంకెనే నమ్మండి. అది ముప్పావుగంట దాటుతుంటే ఆ గది మీకు పనికిరాదు. అద్దె నాలుగైదు వందలు తక్కువైనా సరే, వద్దు. ఆ డబ్బు ఆటోకో క్యాబ్‌కో ఎలాగూ పోతుంది.

ఏ పనికి ఎక్కడ దిగాలో నేను చెప్పేది ఇదీ. నిమ్స్ ఆసుపత్రిలో పనైతే పంజాగుట్ట, సోమాజిగూడ, అమీర్‌పేట. నిలోఫర్ పిల్లల ఆసుపత్రి, ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి రెండూ రెడ్‌హిల్స్‌లోనే ఉన్నాయి కాబట్టి లక్డీకాపుల్ లేదా నాంపల్లి. గాంధీ ఆసుపత్రికి సికింద్రాబాద్ సరైన చోటే, మెట్రో గ్రీన్ లైన్‌లో ఆ పేరుతోనే స్టేషన్ ఉంది. ఇంటర్వ్యూలు, ఐటీ కంపెనీల పనులకు మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి. పిల్లలతో చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం చూడ్డానికి వస్తే నాంపల్లి, అబిడ్స్, కోఠి. మ్యూజియానికి శుక్రవారం సెలవు, జూపార్కుకు సోమవారం సెలవు, అదీ గుర్తుపెట్టుకోండి. రామోజీ ఫిల్మ్ సిటీకైతే దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్. అది విజయవాడ హైవే మీద హయత్‌నగర్ కూడా దాటాక వస్తుంది. కొండాపూర్‌లో గది తీసుకుని ఫిల్మ్ సిటీకి బయలుదేరితే ఊరు ఈ చివరి నుంచి ఆ చివరికి దాటాలి, పిల్లలు వెళ్లకముందే నీరసపడిపోతారు.

అమెరికా వీసా ఇంటర్వ్యూకి వచ్చేవాళ్లకు ఇంకో మాట. కాన్సులేట్ బేగంపేటలోని పైగా ప్యాలెస్ నుంచి 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకు మారింది. అంతకుముందు వెళ్లొచ్చిన అన్నలూ బావలూ ఇప్పటికీ "బేగంపేటలో దిగితే నడిచి వెళ్లొచ్చు" అని చెబుతుంటారు. వాళ్ల రోజుల్లో అది నిజమే. ఇప్పుడు మాత్రం గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపే గది చూసుకోండి.

సమస్య: "మెట్రో పక్కనే" అన్నారు, రోజూ ఆటో ఎక్కాల్సి వస్తోంది

కారణాలు రెండు. ఒకటి, ప్రకటనలో రాసే దూరం పక్షి ఎగిరే దూరం. మనం గల్లీలు తిరిగి, మెయిన్ రోడ్డు దాటి వెళ్లాలి. రెండోది, స్టేషన్ దగ్గరే కానీ మీ పనికి అది ఏ లైనో చూసుకోలేదు.

హైదరాబాద్ మెట్రోలో మూడు లైన్లున్నాయి. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా రెడ్, నాగోల్ నుంచి రాయదుర్గం దాకా బ్లూ, జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) దాకా గ్రీన్. రెడ్, బ్లూ కలిసేది అమీర్‌పేటలో. రెడ్, గ్రీన్ ఎంజీబీఎస్‌లో కలుస్తాయి. బ్లూ, గ్రీన్ పరేడ్ గ్రౌండ్ దగ్గర. రెండు మూడు రోజులుండి, ఒక పని ఈ చివర, ఇంకో పని ఆ చివర ఉన్నవాళ్లకు అమీర్‌పేటను మించింది లేదు. రద్దీగా ఉంటుంది, హాస్టళ్లు, కోచింగ్ సెంటర్ల బోర్డులతో ఊపిరాడనట్టు ఉంటుంది, నిజమే. కానీ రెడ్, బ్లూ లైన్ల మీద ఎటు వెళ్లాలన్నా రైలు మారే బాధ ఉండదు, రాత్రి పదింటికి వచ్చినా టిఫిన్ దొరుకుతుంది.

పరిష్కారం: మ్యాప్‌లో నడిచే దారి పెట్టి చూడండి. పది నిమిషాల లోపయితే దగ్గరే. పెద్దవాళ్లుంటే ఐదు నిమిషాలకు మించొద్దు. గది రోడ్డుకు అవతలి వైపు ఉందని కంగారు పడకండి. స్టేషన్ మెట్లు రెండు వైపులా ఉంటాయి, పైనుంచే రోడ్డు దాటొచ్చు. కింద దాటాలని మాత్రం చూడకండి.

మెట్రో అందని చోట్లూ తెలిసి ఉండాలి. గోల్కొండకు, శంషాబాద్ విమానాశ్రయానికి మెట్రో లేదు. విమానాశ్రయానికి ఆర్టీసీ పుష్పక్ బస్సులో, క్యాబులో. తెల్లవారుజామున విమానం ఉంటే ఆఖరి రాత్రికి గచ్చిబౌలి గానీ మెహదీపట్నం గానీ నయం. గచ్చిబౌలి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు, మెహదీపట్నం నుంచి పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఉన్నాయి. ఆ వేళలో రెండూ ఖాళీగానే ఉంటాయి. ఉప్పల్‌లోనో కూకట్‌పల్లిలోనో పడుకుని నాలుగింటి విమానానికి టెన్షన్ పడడం దేనికి?

ఇంకొకటి. హైటెక్ సిటీ పేరుతో ఎంఎంటీఎస్ (లోకల్ రైలు) స్టేషన్ ఒకటి, మెట్రో స్టేషన్ ఒకటి ఉన్నాయి. రెండూ ఒక చోట లేవు, మధ్యలో ఆటో ఎక్కాల్సినంత దూరం ఉంది.

సమస్య: బుక్ చేసిన ఏరియా ఒకటి, దిగిన ఏరియా ఇంకొకటి

కారణం: పేరున్న ఏరియా పేరు పెట్టుకుంటే గది త్వరగా పోతుందని లాడ్జీలవాళ్లు పక్క ఏరియా పేరు తగిలిస్తారు. హైటెక్ సిటీ అని ఉంటుంది, తీరా చూస్తే కొండాపూర్ లోపలి గల్లీ. కొన్నిసార్లు తప్పు మనదే. బంజారాహిల్స్‌లోనూ రోడ్ నంబర్ 10 ఉంది, జూబ్లీహిల్స్‌లోనూ ఉంది. "రోడ్ నంబర్ పది" అని మాత్రమే రాసుకుని ఆటో ఎక్కితే ఆటో అన్న తనకు తెలిసిన చోట దింపుతాడు. ఆసుపత్రుల విషయంలో ఇది మరీ ముఖ్యం. కొన్ని పెద్ద ఆసుపత్రులకు నగరంలోనే మూడు నాలుగు బ్రాంచీలున్నాయి. అపాయింట్‌మెంట్ మెసేజ్‌లో బ్రాంచి పేరు చూశాకే గది వెతకండి.

పరిష్కారం: డబ్బు కట్టకముందు లాడ్జికి ఫోన్ చేసి పిల్లర్ నంబర్ అడగండి. మెట్రో దారి పొడవునా, మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఎక్స్‌ప్రెస్‌వే కింద, స్తంభాలకు నంబర్లు రాసి ఉంటాయి. ఇక్కడ షాపులవాళ్లు, డాక్టర్లు, పెళ్లిపత్రికలు అచ్చువేయించేవాళ్లు అందరూ అడ్రస్‌లో అదే రాస్తారు. "ఫలానా పిల్లర్ ఎదురు గల్లీ, ఎడమవైపు మూడో బిల్డింగ్" అని చెప్పగలిగారంటే మెయిన్ రోడ్డుకు దగ్గర్లో ఉన్నట్టు. "మీరు వచ్చాక ఫోన్ చేయండి సార్, మనిషిని పంపిస్తాం" అన్నారంటే లోపలికి బాగా నడవాలని అర్థం.

సమస్య: తెల్లారి ఐదింటికి దిగాం, గది పన్నెండింటికి ఇస్తామన్నారు

కారణం: ఆన్‌లైన్‌లో దొరికే చాలా హోటళ్లది మధ్యాహ్నం 12 గంటల చెకిన్. ఆంధ్ర నుంచి, రాయలసీమ నుంచి వచ్చే రైళ్లు, ట్రావెల్స్ బస్సులు ఎక్కువగా దింపేది తెల్లవారుజామున.

పరిష్కారం: సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ స్టేషన్ల చుట్టుపక్కల 24 గంటల చెకౌట్ లాడ్జీలు దొరుకుతాయి. ఏ గంటకు తాళం తీసుకుంటే మర్నాడు అదే గంటకు ఖాళీ చేయాలి. ఫోన్‌లో "24 గంటల చెకౌటేనా?" అని ఒక్కమాట అడిగితే చాలు. స్నానం, బట్టలు మార్చుకోవడం వరకే అయితే స్టేషన్‌లో రిటైరింగ్ రూములకు ముందే బుక్ చేసుకోండి. మెట్రో ఉదయం 6కే మొదలవుతుంది, సామాను పెట్టే చోటు దొరికితే పని మీద వెళ్లిపోవచ్చు.

టికెట్ మీద స్టేషన్ పేరు కూడా సరిచూసుకోండి. సికింద్రాబాద్ స్టేషన్‌ను తిరగకట్టే పనులు జరుగుతుండడంతో కొన్ని రైళ్లను చర్లపల్లికి మార్చారు. అక్కడ 2025 జనవరిలో కొత్త టెర్మినల్ మొదలైంది. స్టేషన్ బాగుంది, కానీ ఊరికి తూర్పు కొసన ఉంది, ఆనుకుని మెట్రో లేదు.

సమస్య: రాత్రంతా నిద్ర లేదు

పక్కన ఫంక్షన్ హాలు ఉంటుంది. మాఘమాసంలో, శ్రావణమాసంలో ముహూర్తాలున్న రోజు బ్యాండు, బారాత్ అర్ధరాత్రి దాటినా ఆగవు. లేదా గది కిటికీ నేరుగా ఫ్లైఓవర్‌కు ఎదురుగా ఉంటుంది. మ్యాప్‌లో లాడ్జి చుట్టూ ఫంక్షన్ హాలు, గార్డెన్స్, బార్ అన్న పేర్లు ఉన్నాయేమో వెతకండి. అన్నీ కుదిరినా "వెనకవైపు గది ఇవ్వండి" అని అడగండి. అడిగితే ఇస్తారు.

సమస్య: అన్నీ చూసుకునే వచ్చాం, రోడ్డే మూసేశారు

కారణం: పండగ. వినాయక నిమజ్జనం రోజున ట్యాంక్‌బండ్, ఖైరతాబాద్ చుట్టుపక్కల వాహనాలు వదలరు. ఆషాఢంలో లష్కర్ బోనాలకు సికింద్రాబాద్ మహంకాళి గుడి వీధులు జనంతో నిండిపోతాయి. రంజాన్ నెల రాత్రుళ్లు చార్మినార్ దగ్గర ఆటో లోపలికి వెళ్లదు. జనవరి, ఫిబ్రవరిల్లో నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ నడుస్తుంది, సాయంత్రమైతే ఆ రోడ్లన్నీ నిలిచిపోతాయి.

ఇవి చూడ్డానికే వస్తే ఆ పక్కనే గది తీసుకుని నడిచి తిరగండి, అంతకన్నా ఆనందం లేదు. వేరే పని మీద వస్తే ఆ ఏరియా వదిలేసి మెట్రో లైను మీద ఎక్కడైనా దిగండి.

సమస్య: బంధువుల ఇంట్లో దిగాం, పని చెడింది

అన్నిటికన్నా చెప్పడానికి కష్టమైనది ఇదే. అత్తయ్యవాళ్ల ఇల్లు వనస్థలిపురంలో, పరీక్ష సెంటరేమో గండిమైసమ్మ వైపు. "ఇల్లుండగా హోటలేంట్రా, నలుగురు వింటే ఏమనుకుంటారు?" అంటారు. కాదనలేం. పొద్దున నాలుగున్నరకు లేచి ఆవిడ మన కోసం ఉప్మా చేసి పెడుతుంది, మనం తినీ తినక పరుగెత్తుతాం. ఇద్దరికీ ఇబ్బందే.

పరిష్కారం: పని ముందు రాత్రి ఒక్కటి సెంటర్ దగ్గర గది తీసుకోండి. పని అయ్యాక సామానుతో నేరుగా అత్తయ్య ఇంటికి వెళ్లి రెండు రోజులుండండి. ఆ మాట మీరు రావడానికి వారం ముందే ఫోన్ చేసి చెప్పేయండి: "అత్తా, పరీక్ష అయిపోగానే మీ దగ్గరికే వస్తున్నాం, సాయంత్రం భోజనం అక్కడే." ఇలా చెబితే ఇప్పటిదాకా మావాళ్లెవరూ నొచ్చుకోలేదు.

ఇప్పటికే తప్పు ఏరియాలో బుక్ చేసేసి ఉంటే

ముందు రద్దు గడువు చూడండి, చాలా బుకింగ్‌లకు ముందు రోజు దాకా అవకాశం ఉంటుంది. గడువు దాటిపోతే మొదటి రాత్రి వదులుకుని మిగతా రాత్రులైనా మార్చుకోండి. అదీ కుదరకపోతే పొద్దున ఏడున్నర లోపే రోడ్డు మీద ఉండండి. పని ఉన్న చోటికి వెళ్లాకే టిఫిన్ తినండి, పరగడుపున పరీక్ష ఉన్నవాళ్లు టిఫిన్ డబ్బా వెంట పెట్టుకోండి. మూడు నాలుగు రాత్రులు ఉండేవాళ్లు మొదట ఒక్క రాత్రికే బుక్ చేయండి. గది, వీధి, నీళ్లు నచ్చాక మర్నాడు పొద్దున కౌంటర్ దగ్గరే మిగతా రోజులకు మాట్లాడుకోవచ్చు.