పింగ్‌లో అప్పుడప్పుడు 1000 మిల్లీసెకన్లు పడుతోందా?

లక్షణం: మీరు రాసిన ఈథర్నెట్ డ్రైవర్. ఐపెర్ఫ్ (నెట్‌వర్క్ స్పీడు కొలిచే టూల్) పెడితే లైన్ రేటు వస్తుంది, లాగ్‌లో ఒక్క ఎర్రర్ ఉండదు. పింగ్ మాత్రం చాలాసేపు 1 మిల్లీసెకను లోపే తిరిగొచ్చి, ఎప్పుడో ఒకటి 1000 దగ్గర తేలుతుంది.

ముందు చూడాల్సింది: మాదాపూర్‌లో ఏ ల్యాబుకెళ్లినా ఈ దశలో కేబుల్ మారుస్తారు, స్విచ్ మారుస్తారు, చివరికి బోర్డు మీద పడతారు. బాబూ, ముందు పింగ్ గ్యాప్ మార్చండి. 1 సెకను బదులు 0.2 పెట్టండి. ఆలస్యం కూడా 200కి దిగితే నెట్‌వర్క్ తప్పేం లేదు. జవాబు ఎప్పుడో వచ్చి రింగ్‌లో (వచ్చిన ప్యాకెట్లను చిప్ పెట్టే మెమరీ వరుస) కూర్చుంది. తర్వాతి పింగ్ ఇంటరప్ట్ (చిప్ సీపీయూని పిలిచే సిగ్నల్) లేపేదాకా దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు.

కారణం: ప్యాకెట్ పంపడం అయిందన్న ఇంటరప్ట్‌కి నాపి (లైనక్స్‌లో డ్రైవర్లు ప్యాకెట్లు తీసుకునే పద్ధతి) పోల్ లేస్తుంది. రింగ్ చూస్తుంది, ఖాళీ. పోల్ ముగించి, అప్పటిదాకా మాస్క్ చేసి (మూసి) ఉంచిన ఇంటరప్ట్‌ని అన్‌మాస్క్ చేస్తుంది. సరిగ్గా ఆ మధ్యలో జవాబు దిగిందా, దాని ఇంటరప్ట్ పోయినట్టే. (అన్‌మాస్క్ కాగానే పెండింగ్‌ది మళ్లీ పంపే చిప్‌లూ ఉన్నాయి, డేటాషీట్ చూసుకోండి.)

"అన్‌మాస్క్ తర్వాత రింగ్ మళ్లీ చూస్తున్నాం కదా" అంటారు. తిరకాసంతా అక్కడే. చిప్‌ని సీపీయూకి కలిపే బస్ పీసీఐఈలో మెమరీ రైట్ పోస్టెడ్. సీపీయూ దాన్ని వదిలేసి ముందుకెళ్తుంది, చిప్‌కి చేరిందాకా ఆగదు. రైట్ ఇంకా దారిలో ఉండగానే మీరు రింగ్ చూసేశారు. ఆ తర్వాత, మాస్క్ తొలగకముందే ప్యాకెట్ వస్తే మళ్లీ పాత కథే. అదే రిజిస్టర్‌ని వెంటనే ఓసారి చదివితే, రైట్ చేరాకే జవాబొస్తుంది. చదివిన విలువతో పని లేదు కాబట్టి, "ఈ రీడ్ వేస్టు" అంటూ ఎవరో ఒకరు పెర్ఫార్మెన్స్ ప్యాచ్‌లో లేపేస్తారు. గిట్ బ్లేమ్‌లో (ఏ లైను ఎవరు మార్చారో చూపేది) వెతకండి, దొరుకుతుంది.

పరిష్కారం: నాపి కంప్లీట్, అన్‌మాస్క్, రీడ్‌బ్యాక్, అప్పుడు రింగ్ చూడటం. ఏమైనా ఉంటే మాస్క్ చేసి నాపి షెడ్యూల్. రీడ్ పక్కనే అదెందుకో కామెంట్ రాయండి, లేకపోతే మళ్లీ పోతుంది.

ఆ రీడ్ పీసీఐఈ బస్ దాటి వెళ్లి రావాలి, ఖరీదే. కానీ పోల్ ప్రతిసారీ బడ్జెట్ (ఒక విడతలో తీసే ప్యాకెట్ల పరిమితి) 64 నింపుతున్నంతసేపు కోడ్ ఈ దారికే రాదు. లోడ్ లేనప్పుడే ఖర్చు. నిజంగా స్పీడు కావాలంటే ఒక్కో ప్యాకెట్‌కీ స్టేటస్ రిజిస్టర్ చదివే లైను తీయండి, అది లూప్‌లో ఉంది. ఐపెర్ఫ్‌లో ఈ బగ్ దొరకదు. వెనకాలే ఇంకో ప్యాకెట్ వచ్చి అంతా కప్పేస్తుంది.

చిప్ ఎర్రాటా (తయారీదారు ఒప్పుకున్న చిప్ లోపాలు), ఇంటరప్ట్ రౌటింగ్ లాంటివి చాలా అరుదు, ఇదంతా అయ్యాక చూడొచ్చు. టైమర్ పెట్టి రింగ్ తడిమే ప్యాచ్ మాత్రం పంపకండి, నేనైతే వెనక్కి కొడతాను.