తుపాను కదలికలను హ్యాష్‌ట్యాగ్‌లతో గమనించడం ఎలా?

తుపాను బంగాళాఖాతంలో ఉన్నప్పుడు సరైన హ్యాష్‌ట్యాగ్‌ను ఎంచుకుని ఎక్స్‌ను (పాత ట్విట్టర్‌ను) గమనిస్తే, తీరంలోని ఏ ఊళ్లో ఏం జరుగుతోందో టీవీలో స్క్రోలింగ్ రాకముందే తెలిసే అవకాశం ఉంది. ఎలా చదవాలో తెలియనివారికి మాత్రం అదే ట్యాగ్ పుకార్ల పుట్ట.

గాలుల వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరి, తీవ్ర వాయుగుండం తుపానుగా మారితే తప్ప భారత వాతావరణ శాఖ దానికి పేరు పెట్టదు కాబట్టి, అంతవరకు ‘ఏపీరెయిన్స్’ వంటి సాధారణ ట్యాగ్‌లే దిక్కు. పేరు వచ్చాక మరో చిక్కు మొదలవుతుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన తుపానును కొందరు ‘మిచౌంగ్’ అని, మరికొందరు ‘మిగ్‌జాం’ అని రాశారు. ఒక్క రూపాన్నే వెతికితే రెండో రూపంలో రాసినవారి పోస్టులు కనిపించవు. అందువల్ల ఇంగ్లిష్ అక్షరాల ట్యాగ్‌ను, తెలుగులో వాడుకలో ఉన్న రూపాలను, మీ జిల్లా పేరును విడివిడిగా వెతికి, వీటిలో దేనికింద స్థానికులు ఎక్కువగా రాస్తున్నారో చూసుకోవాలి.

వెతకగానే సాధారణంగా ‘టాప్’ విభాగం తెరుచుకుంటుంది. అక్కడ ఎక్కువ మందికి నచ్చిన పోస్టులు ముందుంటాయి గనుక, నిన్నటి వార్త ఈ పూట వార్తలా కనిపించవచ్చు. వెంటనే ‘లేటెస్ట్’కు మారాలి. ఇన్‌స్టాగ్రామ్ ఈ పనికి అంతగా పనికిరాదు. హ్యాష్‌ట్యాగ్‌ను ఫాలో అయ్యే సదుపాయాన్ని అది 2024 డిసెంబరులో తీసివేసింది.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త కావలసింది సమయం విషయంలోనే. వాతావరణ శాఖ తుపానుపై మూడు గంటలకొకసారి బులెటిన్ ఇస్తుంది, తీరం దాటే వేళ గంటగంటకూ ఇస్తుంది. ఉదయం 8.30 గంటల పరిశీలనతో వెలువడిన బులెటిన్‌ను ఎవరో మధ్యాహ్నం పన్నెండుకు పంచుకున్నారనుకోండి. తుపాను గంటకు 12 కిలోమీటర్ల వేగంతో కదులుతుంటే, ఆ బులెటిన్‌లోని స్థానం నుంచి అది అప్పటికే 42 కిలోమీటర్లు జరిగి ఉంటుంది. కాబట్టి పోస్టు చేసిన సమయాన్ని కాక, బులెటిన్ లోపల రాసిన పరిశీలన సమయాన్ని చదవాలి. వాతావరణ శాఖ, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ, మీ జిల్లా కలెక్టరు ఖాతాలను ఒక లిస్టుగా పెట్టుకుంటే, ట్యాగ్‌లో చూసినదాన్ని అక్కడికక్కడే సరిచూసుకోవచ్చు.

ఫొటోలు, వీడియోల విషయంలో ఊరి పేరు, తేదీ లేకుండా ‘ఇప్పుడే’ అని మాత్రమే రాసినవాటిని పక్కన పెట్టడమే మేలు. 2015లో చెన్నైని ముంచెత్తిన వరదల వంటి పాత దృశ్యాలను కొత్త తుపానుకు అంటగట్టడం కష్టమేమీ కాదు. చిత్రాన్ని గూగుల్ లెన్స్‌లో వెతికితే అది అంతకుముందు ఎక్కడైనా వచ్చిందేమో చాలాసార్లు తెలిసిపోతుంది. వీడియోలోనైతే దుకాణాల బోర్డులపై ఉన్న భాషను, ఆర్టీసీ బస్సు రంగును గమనించాలి.

సాయం కోరవలసి వస్తే ముందుగా 112కు గానీ, రాష్ట్ర కంట్రోల్ రూమ్ 1070కి గానీ ఫోన్ చేసి, ఆ తరువాతే ట్యాగ్‌తో పోస్టు పెట్టాలి. అందులో ఊరు, వీధి, దగ్గరి గుర్తు, చిక్కుకున్నవారి సంఖ్య, సమయం రాయాలి. సాయం అందగానే ఆ పోస్టును తొలగించాలి. లేకపోతే అది మరో రెండు రోజులు తిరుగుతూ, ఖాళీ ఇంటికి పడవను రప్పిస్తుంది.