పాత బండి బానెట్ కింద లైటు ఎలా వేసుకోవాలి?

బానెట్ ఎత్తగానే వెలగాలి, దించగానే ఆరిపోవాలి. ఇంజిన్ లైటు చేయాల్సిన పని ఇంతే. శ్రీకాకుళం, విజయనగరం వైపు పాత అంబాసిడర్లు, జీపులు, మారుతీ 800లు, సుమోల్లో నాకు కనిపించే లైట్లలో చాలావాటికి ఆ రెండో పని రాదు. హెడ్‌లైటు వైరుకు గాటు పెట్టి, తీగలు మెలేసి, నల్ల టేపు చుట్టి పంపేస్తున్నారు. ఆ టేపు జిగురు ఇంజిన్ వేడికి కారిపోతుంది, టేపు ఊడుతుంది. మిగిలేది బోసి తీగ. దాని పక్కనే పెట్రోలు పైపు.

అంబాసిడర్, మారుతీ 800 రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. ఉన్న బళ్లనే జాగ్రత్తగా చూసుకోవాలి. అర ఆంపియరు లైటు కోసం బండి వైరింగంతా కాల్చుకోవడం కంటే అన్యాయం లేదు.

అసలు ఈ లైటు ఎందుకు అని అడిగేవాళ్లూ ఉంటారు. రాత్రిపూట రామభద్రపురం దాటాక ఫ్యాన్ బెల్టు తెగిందనుకోండి. బెల్టు ఎక్కించడానికి రెండు చేతులూ కావాలి. సెల్‌ఫోన్ టార్చి నోట్లో పెట్టుకుని ఆ పని చేయలేరు.

కావలసినవి

లారీ క్యాబిన్లలో వేసే చిన్న తెల్ల ఎల్‌ఈడీ ల్యాంపులు రెండు, ఒక్కోటి 3 వాట్లు. ఒక చదరపు మిల్లీమీటరు ఆటో వైరు. 3 ఆంపియర్ల ఫ్యూజు, దాని హోల్డరు. మెటల్ డోర్ స్విచ్చు ఒకటి. రింగు థింబుల్స్ (వైరు కొసకు బిగించే లోహపు రింగులు), స్లీవు (అతుకు మీద ఎక్కించే గొట్టం), కేబుల్ టైలు, ఎమరీ పేపరు, మల్టీమీటరు. హైవే పక్క లారీ స్పేర్ల షాపులో దాదాపు అన్నీ దొరుకుతాయి.

ల్యాంపు మీద 12–24 వోల్టులు అని ఉండాలి. లారీల్లో 24 వోల్టులు కాబట్టి ఈ ల్యాంపులు రెండింటికీ పనికొచ్చేలా చేస్తారు. మన బండిది 12 వోల్టులే అయినా, స్టార్టయ్యాక బ్యాటరీ దగ్గర వోల్టేజి 14 దాటుతుంది. అలంకారానికి అమ్మే అంటించే స్ట్రిప్పులు సరిగ్గా 12కి లెక్కేసి చేసినవి. ఇంజిన్ నడుస్తూ బానెట్ ఎత్తినప్పుడు అవి అదనంగా వేడెక్కుతాయి, ఒక్కో ముక్కా ఆరిపోతుంది. అంటించిన జిగురూ నిలవదు, స్ట్రిప్పు వేలాడి ఫ్యాన్లో పడుతుంది. స్ట్రిప్పు వద్దు, అంతే. నీలం ఛాయ కొట్టే లైటు కూడా వద్దు. ఆ వెలుతురులో గోధుమరంగు వైరేదో, నల్ల వైరేదో తేలదు. కాస్త పసుపు కలిసిన తెలుపు తీసుకోండి.

ల్యాంపుకు రెండు వైర్లూ విడిగా ఉన్నాయో లేదో షాపులోనే చూసుకోండి. కొన్ని మెటల్ ల్యాంపులకు బాడీయే నెగటివ్. దాన్ని బానెట్‌కు బిగిస్తే నేరుగా ఎర్త్ అయిపోతుంది, అంటే బండి బాడీ ద్వారా బ్యాటరీ నెగటివ్‌కు కలిసిపోతుంది. అప్పుడు మీరు ఎంత మంచి స్విచ్చు పెట్టినా లైటు ఆరదు.

ల్యాంపులు, వైరు

ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి పక్కన పెట్టండి. చేతికి ఉంగరం, స్టీలు వాచీ ఉంటే తీసేయండి. చాలా పాత బళ్లలో కొన్నిటికి పాజిటివ్ బాడీకి ఉంటుంది. మీ బండిలో ఏ పోల్ బాడీకి ఉందో మీటరుతో చూసుకోకుండా మొదలుపెట్టొద్దు. ఇక్కడ రాసేదంతా నెగటివ్ ఎర్త్ బండికి, అంటే నెగటివ్ బాడీకి కలిసిన బండికి.

ల్యాంపులు బానెట్ లోపలి పట్టీలకే బిగించాలి, చెరో వైపు ఒకటి. ఇంజిన్ వెనకాల గోడకు పెడితే ముందు నిలబడ్డ మనిషి కళ్లలోకి కొడుతుంది. పట్టీలకు ఉన్న రంధ్రాలనే వాడండి. తప్పక డ్రిల్ చేయాల్సి వస్తే, బిట్‌కు అర సెంటీమీటరు దగ్గర టేపు చుట్టి అక్కడ ఆగిపోండి. లేకపోతే పైరేకు మీద బొడిపె లేస్తుంది, పెయింటింగు ఖర్చు అదనం.

బ్యాటరీ పాజిటివ్ నుంచి జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు కాపాడేది ల్యాంపును అనుకుంటారు, నిజానికి వైరును. బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య ఉన్న వైరు ఎక్కడ బాడీకి రాసుకున్నా దాన్ని ఆపేవాడు లేడు. ఇంజిన్‌ను తిప్పడానికి వందల ఆంపియర్లు ఇచ్చే బ్యాటరీ, ఆ సన్నటి వైరును ఎర్రగా కాల్చేస్తుంది. ఫ్యూజు నుంచి వచ్చే వైరు రెండు ల్యాంపుల ఎర్ర వైర్లకు, ల్యాంపుల నల్ల వైర్లు రెండూ కలిసి స్విచ్చుకు వెళ్లాలి. అతుకులన్నీ సోల్డరింగు చేసి స్లీవు ఎక్కించండి. సైలెన్సర్ మానిఫోల్డ్ వైపు పోనివ్వకండి. బానెట్ హింజ్ దగ్గర బెత్తెడు వైరు వదులుగా ఉంచి, బానెట్ పూర్తిగా ఎత్తి దించి చూసి, ఆ తర్వాతే టై వేయండి.

రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి తెంచే స్విచ్చు) పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి షెడ్డులో ఒకరుంటారు. హెడ్‌లైటు ఒక్కోటి 55, 60 వాట్లు లాగుతుంది, హారన్ కూడా ఎక్కువే లాగుతుంది, అక్కడ రిలే కావాలి. ఈ రెండు ల్యాంపులూ కలిసి అర ఆంపియరు. రిలే పెడితే చెడిపోయే వస్తువు ఇంకొకటి పెరుగుతుంది.

అసలు పని: స్విచ్చు

డోర్ స్విచ్చు సంగతి తెలిసిందే. బొడిపె బయటికి ఉంటే కనెక్షన్ బాడీకి కలుస్తుంది, నొక్కితే తెగుతుంది. బానెట్ దిగేటప్పుడు దాని అంచు ఆ బొడిపెను నొక్కాలి. చెప్పడానికి సులువు. తొంభై శాతం పనులు చెడేది ఇక్కడే.

స్విచ్చు కిందికి ఉంటే బానెట్ దాన్ని అందుకోదు. మూసిన బానెట్ కింద లైటు వెలుగుతూనే ఉంటుంది, మీకు తెలియదు. లెక్క చూడండి: అర ఆంపియరు చొప్పున రాత్రి పది గంటలకు 5 ఆంపియర్-అవర్లు పోతాయి. 35 ఆంపియర్-అవర్ల కొత్త బ్యాటరీ ఒక రాత్రికి తట్టుకుంటుంది, మూడు రోజులు కదపకుండా ఉంచితే చచ్చిపోతుంది. వాడి వాడి సగమైన బ్యాటరీకి ఒక్క రాత్రే చాలొచ్చు. కొందరు పెట్టే 21 వాట్ల ఇండికేటర్ బల్బయితే రాత్రికి పదిహేడున్నర పోతాయి. పొద్దున్న సెల్ఫ్ టక్కుమని ఊరుకుంటుంది, బ్యాటరీ షాపువాడు కొత్తది అంటగడతాడు.

స్విచ్చు పైకి ఉంటే ఇంకో బాధ. బొడిపె పూర్తిగా దిగిపోయాక కూడా బానెట్ నొక్కుతూనే ఉంటుంది. లాక్ పడదు, లేదా గట్టిగా మూస్తే బొడిపె విరుగుతుంది.

కాబట్టి కంటి అంచనా మీద బిగించొద్దు. కొలవండి. స్విచ్చు పెట్టాలనుకున్న చోట చపాతీ పిండి ముద్ద ఒకటి ఉంచి, పైన చిన్న ప్లాస్టిక్ కాగితం కప్పండి. బానెట్ దించి లాక్ పడేదాకా నొక్కండి. ఊరికే వాలిస్తే చాలదు, లాక్ పడ్డాకే బానెట్ తన అసలు జాగాలోకి వస్తుంది. జీపు అయితే పక్క క్లిప్పులు రెండూ బిగించండి. తీసి, అణిగిన ముద్ద మందం స్కేలుతో కొలవండి. బానెట్‌కూ బాడీకీ మధ్య ఖాళీ అదే.

ఇప్పుడు స్విచ్చును చేత్తో పట్టుకుని మీటరు పెట్టి, బొడిపె ఎంత ఎత్తులో ఉన్నప్పుడు కనెక్షన్ తెగుతుందో, పూర్తిగా నొక్కితే ఎంత మిగులుతుందో రాసుకోండి. ఉదాహరణకు 15 మిల్లీమీటర్ల దగ్గర తెగి, 8 దగ్గర అడుగుకు తగిలితే, స్విచ్చు కూర్చున్న చోటి నుంచి బానెట్ దాకా ఖాళీ 11 ఉండాలి. ఖాళీ ఎక్కువుంటే స్విచ్చు కింద వాషర్లు వేయండి. తక్కువుంటే చోటు మార్చండి, బానెట్ రేకును వంచే ప్రయత్నం మాత్రం చేయొద్దు.

పాత బండి కాబట్టి ఒక మాట. బానెట్ ఆనుకునే రబ్బరు బుష్‌లు అరిగిపోయి ఉంటే ఈ కొలతలన్నీ వృథా. గతుకుల రోడ్డు మీద బానెట్ ఎగిరెగిరి పడుతుంది, లైటు లోపల మినుకుమంటూ ఉంటుంది. ముందు బుష్‌లు మార్చి, తర్వాత పిండి ముద్ద పెట్టండి.

ఎర్త్ విషయంలో బాడీని నమ్మొద్దు. కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పుగాలికి రేకు ఎలా పొడి రాలుతుందో చూసే ఉంటారు. స్విచ్చు కూర్చునే చోట ఎమరీ పేపరుతో పెయింటు తీసి లోహం మెరిసేదాకా రుద్దండి. స్విచ్చు స్క్రూ కిందే ఒక రింగు థింబుల్ పెట్టి, అక్కడి నుంచి విడిగా వైరు తెచ్చి ఇంజిన్ ఎర్త్ బోల్టుకు కలపండి. ఆ తర్వాత కాస్త పెట్రోలియం జెల్లీ పూయండి.

పక్కన టోగుల్ స్విచ్చు కూడా పెట్టుకుంటామంటారు కొందరు. పెట్టొద్దు. ఒకరోజు ఆపేసి మర్చిపోతారు, అవసరమైన రాత్రి వెలగదు. షెడ్డులో పగలంతా బానెట్ తెరిచి ఉంచాల్సి వస్తే ఫ్యూజు పీకేయండి.

ఆరిందో లేదో చూడటం

ఫ్యూజు పెట్టకుండానే బ్యాటరీ నెగటివ్ బిగించండి. ఫ్యూజు హోల్డరు రెండు కొసలకూ మీటరును 10 ఆంపియర్ల మీద పెట్టి ఆనించండి. అర ఆంపియరు దగ్గర చూపాలి. వేలితో బొడిపె నొక్కితే సున్నా రావాలి. రాకపోతే ల్యాంపు ఎక్కడో బాడీకి ఎర్త్ అవుతోందని అర్థం.

తర్వాత ఫ్యూజు పెట్టి, ఇంజిన్ ఆపి ఉన్నప్పుడే, ఫోన్లో వీడియో ఆన్ చేసి లోపల చదునైన చోట పెట్టి బానెట్ మూయండి. పదికి లెక్కపెట్టి తెరిచి వీడియో చూడండి. లాక్ పడిన క్షణానికే చీకటి అయిపోవాలి. ఫోన్ బయటికి తీశాకే బండి స్టార్ట్ చేయండి. గతుకుల రోడ్డు మీద ఒక చుట్టు తిరిగొచ్చి, ఇంజిన్ ఆపి చల్లారాక, మళ్లీ ఇదే పరీక్ష చేయండి. బుష్‌లు కొత్తవైతే ఓ వారం తర్వాత ఇంకోసారి చూడండి, అవి కొంచెం అణుగుతాయి, కొలత మారుతుంది. వానాకాలం ముందు ఆ ఎర్త్ థింబుల్ విప్పి, రుద్ది, మళ్లీ బిగించండి.