పాత కారు పాఠాలు – 4: బ్రేక్ ఆయిల్ ఎక్కడికి పోయింది?

పోయిన పాఠంలో మల్టీమీటరును కంటిన్యుటీ (వైరు తెగకుండా ఉందా అని చూసే అమరిక) మీద పెట్టి ఫ్యూజులు చూడటం నేర్చుకున్నాం. ఈసారి కూడా దానికి పని ఉంది, కానీ తక్కువే. ఎక్కువ పని కళ్లకి, కుడి పాదానికి, ఒక పాత తెల్లగుడ్డకి.

మన బండి ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుని జారకుండా చూసే ఏర్పాటు) లేని పాత చిన్న కారు అనుకుందాం. పాత ఆల్టో, శాంత్రో తరహా. ముందు చక్రాలకు డిస్కులు (రెండు వైపులా ప్యాడ్లు నొక్కిపట్టే పళ్లేలు), వెనక డ్రమ్ములు (లోపల్నుంచి లైనర్లు ఒరుసుకునే గిన్నెలు). హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దించారు, అయినా మీటర్లో ఎర్ర గుండ్రం, మధ్యలో ఆశ్చర్యార్థకం గుర్తు ఉన్న ఆ దీపం ఆరట్లేదు.

బానెట్ ఎత్తేముందు పెడల్ చూడండి. ఇంజిన్ స్టార్ట్ చేసి, బండి కదలకుండానే, బ్రేకు గట్టిగా తొక్కి అర నిమిషం అలాగే పట్టుకోండి. పెడల్ గట్టిగా నిలబడితే తీరిగ్గా వెతుక్కోవచ్చు. మెల్లగా కిందికి దిగిపోతున్నా, స్పాంజిలా మెత్తగా ఉన్నా ఆ బండి రోడ్డెక్కకూడదు. "నెమ్మదిగా పోదాంలే, పక్కనే షెడ్డు" అనుకోవద్దు, మెకానిక్‌నే ఇంటికి పిలవండి.

ఈ దీపానికి సాధారణంగా రెండు స్విచ్చులు ఉంటాయి. ఒకటి హ్యాండ్ బ్రేక్ లీవరు మొదట్లో, రెండోది బ్రేక్ ఆయిల్ డబ్బా మూతలోనో పక్కనో. ఏది ఎర్త్ (అంటే బండి బాడీ) తగిలించినా దీపం వెలుగుతుంది. అందుకే ఒక్కొక్కటీ ఊడదీసి చూడటం సులువు. ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి లీవరు దగ్గర స్విచ్చు వైరు పీకండి. దీపం ఆరిందా? స్విచ్చు బుడిపె దుమ్ముతో బిగుసుకుపోయి ఉంటుంది, లేదా దాని బ్రాకెట్ వంగి ఉంటుంది. తుడిచి, సర్దితే అయిపోయింది. ఆరకపోతే వైరు మళ్లీ తగిలించి, ఆయిల్ డబ్బా కప్లర్ (వైర్ల ప్లగ్గు) పీకండి. అప్పుడు ఆరితే ఆయిల్ తగ్గిందన్నమాట, లేదా లోపలి తేలుడు బిళ్ల చెడింది. రెండూ ఒకేసారి పీకి ఉంచినా వెలుగుతూనే ఉంటే వైరు ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగులుతోంది. మన ఊళ్లలో అయితే ముందు ఎలుకల్ని అనుమానించండి. పోయినసారి నేర్చుకున్న మీటరు ఇక్కడ తీయండి.

నడుస్తుంటే వచ్చిపోయే దీపం కూడా కొంత చెబుతుంది. మలుపులోనో, బ్రేకు వేసినప్పుడో మెరిసి ఆరితే ఆయిల్ అంచు మీద ఉంది, డబ్బాలో ఒక పక్కకి ఒరిగినప్పుడు బిళ్ల కిందికి దిగుతోంది. గతుకుల్లో మాత్రమే మెరిస్తే నేను హ్యాండ్ బ్రేక్ స్విచ్చుతోనే మొదలుపెడతాను.

ఇక అసలు సంగతి. డబ్బాలో ఆయిల్ మిన్ (కనీస మట్టం) గీత కిందికి వెళ్లింది. చెయ్యి సీసా వైపే పోతుంది. ఆగండి.

నా బండిలో మొదటిసారి ఇలా అయినప్పుడు వీధి చివర షెడ్డుకి తీసుకెళ్లాను. అతను కాస్త ఆయిల్ పోసి "అయిపోయింది సార్" అన్నాడు. దీపం ఆరింది, నేనూ సంతోషించాను. మూడు వారాలకి మళ్లీ వెలిగింది, మళ్లీ పోయించాను. మూడోసారి వెలిగినప్పుడు, స్టెప్నీ మార్చుకుంటూ చూస్తే, వెనక ఎడమ టైరు లోపలి గోడ మీద అరచేయంత తడి మరక. రెండుసార్లు బండి ఉన్న మాట చెప్పింది, రెండుసార్లూ దాని నోట్లో ఆయిల్ పోసి ఊరుకోబెట్టాం.

ఆయిల్ తగ్గడానికి న్యాయమైన కారణం ఒకటుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ, వాటిని డిస్కుకి నొక్కే కాలిపర్‌లోని పిస్టన్ బయటికి జరుగుతుంది, ఆ ఖాళీలోకి ఆయిల్ చేరుతుంది. నెలల మీద కొంచెం కొంచెంగా దిగితే ముందు చక్రం విప్పి ప్యాడ్ చూడండి. కొత్తప్పుడు చాలా వాటికి మందం 10 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. 3 మిల్లీమీటర్లకి వచ్చిందంటే మార్చే రోజు వచ్చినట్టే. అరిగిన ప్యాడ్ల మీద డబ్బా నిండా పోసేస్తే, కొత్తవి వేసేటప్పుడు పిస్టన్‌ను వెనక్కి నొక్కగానే ఆయిల్ పొంగి పొర్లుతుంది. బ్రేక్ ఆయిల్ పెయింటును తినేస్తుంది, ఒలికితే వెంటనే నీళ్లతో కడగాలి.

ప్యాడ్లు మందంగా ఉండి ఆయిల్ మాత్రం తగ్గిందా? అయితే కారుతోంది. ముందు హోసులు, కాలిపర్లు గుడ్డతో తుడిచి చూడండి. తర్వాత వెనక డ్రమ్ములు. ముందు చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేక్ దించి, బండిని స్టాండ్ల మీద నిలపండి. జాకీ ఒక్కదాన్ని నమ్ముకోవద్దు. డ్రమ్ము రాకపోతే సుత్తితో బాదకండి. చాలా వాటికి రెండు మర చిల్లులు ఉంటాయి, వాటిలో సరిపోయే బోల్టులు సమానంగా బిగిస్తూ పోతే అదే బయటికి తోసుకొస్తుంది. లోపలి దుమ్మును నోటితో ఊదకండి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడవాలి.

ఇప్పుడు పైన, లైనర్లను డ్రమ్ముకి నొక్కే వీల్ సిలిండర్ కనిపిస్తుంది, చిటికెన వేలంత. రెండు చివరలా రబ్బరు టోపీలుంటాయి. సన్న స్క్రూడ్రైవరుతో టోపీ అంచు కాస్త ఎత్తండి. పొడిగా ఉంటే మంచిది, కొద్దిగా చెమ్మ ఉన్నా కంగారు లేదు. చుక్క జారిందా, దొంగ దొరికాడు. ఆ ఆయిల్ తాగిన లైనర్లు కడిగినా పనికిరావు, రెండు పక్కలా మార్చాల్సిందే.

నాలుగు చక్రాలూ పొడిగా ఉంటే చివరి అనుమానం మాస్టర్ సిలిండర్, అంటే పెడల్ తొక్కగానే ఆయిల్ని చక్రాల వైపు తోసేది. దాని వెనక సీలు పోతే ఆయిల్, పాదం బలాన్ని పెంచే బూస్టర్‌లోకి కారుతుంది, నేల మీద చుక్క పడదు. బూస్టర్‌కి బిగించిన రెండు నట్లు వదులు చేసి, పైపులు వంగకుండా సిలిండర్‌ను వేలెడు ముందుకి జరిపి, అతుకు దగ్గర గుడ్డ పెట్టి చూడండి.

లోపం సరిచేశాకే ఆయిల్ పోయాలి. మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో ఆయిల్ రకం రాసి ఉంటుంది, అదే కొనండి. ఎప్పుడో తెరిచిపెట్టిన సీసా వద్దు, ఇది గాలిలోని తేమ పీల్చుకుంటుంది. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకులు వేడెక్కినప్పుడు ఈ తేడా కాలికి తెలుస్తుంది. ఇంజిన్ ఆయిల్ చుక్క కూడా కలపకూడదు, రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి.

అభ్యాసం: ఆయిల్ డబ్బా మీద ఇప్పుడున్న మట్టం దగ్గర మార్కరుతో గీత గీసి, తేదీ వేయండి. వారం వారం ఒకే చోట, సమతలంగా బండి నిలిపి చూడండి. ఐదో పాఠంలో బ్రేకుల్లోంచి గాలి తీయడం చేద్దాం. దానికి ఒక పారదర్శకమైన గొట్టం, ఖాళీ నీళ్ల సీసా, చెప్పినప్పుడల్లా విసుక్కోకుండా పెడల్ తొక్కే మనిషి ఒకరు కావాలి. మూడోది ఇప్పటినుంచే వెతుక్కోండి.