సాల్వెంట్ డ్రమ్ము ముట్టుకుంటే షాక్, మాస్క్ ఉన్నా వాసన, ఉబ్బిపోయే గ్లవ్స్: సమస్య - పరిష్కారం

బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ప్లాంట్లలో టోలీన్, అసిటోన్, మెథనాల్ లాంటి సాల్వెంట్లతో (వేరే పదార్థాల్ని కరిగించే ద్రవాలతో) పనిచేసే ఆపరేటర్లకి, కొత్తగా చేరిన కెమిస్టులకి ఇది. జీడిమెట్లలో అయినా పరవాడలో అయినా తిప్పలు ఇవే. టోలీన్ ఫ్లాష్ పాయింట్ (నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి వచ్చే కనీస ఉష్ణోగ్రత) సుమారు 4 డిగ్రీలు, అసిటోన్‌ది మైనస్ 20, అంటే మన దగ్గర జనవరి తెల్లవారుజామున మూత తీసినా అంటుకోడానికి సరిపడా ఆవిరి పైన రెడీగా ఉన్నట్టే, అగ్గిపుల్లే గియ్యక్కర్లేదు.

సమస్య: డ్రమ్ములోంచి పోస్తుంటే చెయ్యి చురుక్కుమంటోంది, టిక్‌మని చప్పుడు

కారణం స్టాటిక్. టోలీన్, హెక్సేన్ లాంటివి కరెంటుని దాదాపు పోనివ్వవు, పైపులో పారేటప్పుడు పుట్టిన చార్జి అందులోనే పేరుకుని దారి దొరికిన చోట దూకుతుంది. చిన్న షాకే కదా అని నవ్వేస్తారు చూడండి, అక్కడే వస్తుంది తంటా. మన వేలికి తెలియాలంటేనే ఆ రవ్వ 1 మిల్లీజౌల్ దాకా ఉండాలి, టోలీన్ ఆవిరి అంటుకోడానికి పావు మిల్లీజౌల్ చాలు.

పోసే డ్రమ్ముకీ పట్టే డ్రమ్ముకీ బాండింగ్ వైరు, అక్కడ్నుంచి ఎర్తింగ్, ఇదంతా మూత తియ్యకముందే పెట్టి మూత బిగించాకే తియ్యాలి. క్లిప్పు పెయింట్ మీద పెడితే పెట్టనట్టే, పళ్ళు లోహంలో దిగాలి, మీటర్ పెడితే 10 ఓమ్స్ లోపు చూపించాలి. ప్లాస్టిక్ బకెట్‌కి ఎర్తింగ్ కుదరదు, దానికి క్లిప్పు తగిలించి ఆడిట్‌కి ఫొటో పెట్టేవాళ్ళు ఉన్నారు, ఏమనాలో తెలీదు. పైనుంచి ధారగా పొయ్యొద్దు, డిప్ పైపు అడుగుదాకా దింపి, దాని మూతి మునిగేదాకా వేగం సెకనుకి 1 మీటర్ దాటనివ్వొద్దు.

మనిషి ఒంట్లో కూడా చార్జి చేరుతుంది, అందుకే యాంటీ స్టాటిక్ షూ. మెత్తగా ఉంటుందని బయట కొన్న స్పాంజ్ ఇన్‌సోల్ లోపల పెట్టారో షూ ఉన్నా లేనట్టే. పాలిస్టర్ చొక్కాలు వద్దు, వేసుకున్న కోటు డ్రమ్ముల దగ్గర విప్పొద్దు.

దీనికంటే భయపడాల్సింది మ్యాన్‌హోల్ (రియాక్టర్ పైనుండే పెద్ద రంధ్రం) దగ్గర. సాల్వెంట్ ఉన్న రియాక్టర్‌లోకి పౌడర్ లైనర్ బ్యాగ్ బోర్లించి దులుపుతారు, బ్యాగ్ నుంచీ పౌడర్ నుంచీ చార్జి, ఎదురుగా ఆవిరి. లోపలి ఆక్సిజన్‌ని తరమడానికి నైట్రోజన్ పెట్టాం కదా సార్ అంటారు, కానీ మ్యాన్‌హోల్ తెరిచాక పౌడర్‌తో పాటే గాలి కూడా లోపలికి పోతుంది. ప్రాసెస్ ఒప్పుకుంటే పౌడర్ ముందు, సాల్వెంట్ తర్వాత. ఒప్పుకోకపోతే మూసిన పౌడర్ ట్రాన్స్‌ఫర్ సిస్టమ్ పెట్టి లోపల ఆక్సిజన్ 8 శాతం లోపు ఉంచాలి. ఇది హెల్పర్‌కి జాగ్రత్త చెప్తే తీరేది కాదు, ప్రొడక్షన్ హెడ్ డబ్బు ఖర్చుపెట్టాల్సిన పని.

సమస్య: మాస్క్ పెట్టినా వాసన, తలనొప్పి

ముందు ఏ మాస్కో చూడండి. ఎన్95 దుమ్ముకే, ఆవిరి అందులోంచి హాయిగా వస్తుంది. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ (సాల్వెంట్ ఆవిరిని పట్టే ఫిల్టర్ డబ్బా) ఉండి కూడా వాసనొస్తే అది నిండిపోయింది లేదా మొహానికి సరిగ్గా అతకలేదు, గడ్డం ఉన్నా అతకదు. అసిటోన్‌కి ఏఎక్స్ రకం (తక్కువ వేడికే మరిగే సాల్వెంట్ల కోసం చేసిన కార్ట్రిడ్జ్) అడగండి, మామూలుది తొందరగా వదిలేస్తుంది. మెథనాల్‌కి కార్ట్రిడ్జ్ నమ్మొద్దు, వాసన తెలిసేసరికే ఎక్కువ పీల్చేసి ఉంటాం, పైపు ద్వారా బయటి గాలి అందే ఎయిర్ లైన్ మాస్క్ కావాలి. నైట్రోజన్ ఉన్న వెసెల్‌లోకి కార్ట్రిడ్జ్ మాస్క్‌తో దిగడం అంటే చావే, అది ఆక్సిజన్ తయారు చెయ్యదు కదా.

ఇంకోటి, మాస్క్ ఊపిరికే గానీ మంటకి కాదు. గ్యాస్ డిటెక్టర్ ఎల్‌ఈఎల్‌లో (మంట అంటుకోడానికి గాలిలో ఉండాల్సిన కనీస ఆవిరి) 10 శాతం చూపిస్తే పని ఆపి బయటికి రావడమే.

సమస్య: గ్లవ్స్ ఉబ్బి జిగటగా అవుతున్నాయి

రకం తప్పు. పల్చటి నీలం నైట్రైల్‌ని అసిటోన్ నిమిషాల్లో దాటేస్తుంది, దానికి బ్యూటైల్ రబ్బర్. టోలీన్‌కి మళ్ళీ ఆ బ్యూటైల్ పనికిరాదు, వైటాన్ కావాలి. ఒకే జత అన్నిటికీ అంటే కుదరదు, స్టోర్స్‌లో కంపెనీ ఇచ్చిన చార్ట్ అడగండి.

సమస్య: లీక్ ఒకచోట, వాసన ఇంకోచోట

టోలీన్ ఆవిరి గాలికంటే మూడు రెట్లు బరువు, నేల మీద పాకి డ్రైన్లోకి, కేబుల్ ట్రెంచ్‌లోకి, కింది ఫ్లోర్‌కి దిగుతుంది. 2024 ఆగస్టులో అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో ఒక ఫార్మా ప్లాంటులో లీకైన సాల్వెంట్ ఆవిరి అంటుకుని 17 మంది పోయారు. వాసన రాగానే అందరి చెయ్యీ ఎగ్జాస్ట్ ఫ్యాన్ స్విచ్ మీదికే పోతుంది, ఆ స్విచ్ ఎఫ్‌ఎల్‌పీ (ఫ్లేమ్‌ప్రూఫ్, లోపలి మంటని బయటికి రానివ్వని రకం) కాకపోతే రవ్వ అక్కడే. అక్కడున్న స్విచ్ ఏదీ వెయ్యొద్దు, ఆపొద్దు కూడా, మనుషుల్ని బయటికి పంపి కరెంటు దూరంగా ఉన్న ప్యానెల్ నుంచి తియ్యాలి. తర్వాత ఒలికినదాని మీద ఇసుక పోసి, రవ్వ రాని ఇత్తడి పారతో ఎత్తాలి.

మంట లేస్తే టోలీన్ మీద నీళ్ళు కొట్టొద్దు, నీటి మీద తేలి మంట పారుతుంది, ఫోమ్ గానీ డీసీపీ (డ్రై కెమికల్ పౌడర్) గానీ వాడండి. మెథనాల్, అసిటోన్‌కి ఫోమ్ వాడితే ఆల్కహాల్ రెసిస్టెంట్ ఫోమే పనిచేస్తుంది, మెథనాల్ మంట ఎండలో సరిగ్గా కనపడదు కాబట్టి దగ్గరికెళ్ళి వెతకొద్దు. ఒంటి మీద సాల్వెంట్ పడితే బట్టలు పొడిగా లాగి విప్పొద్దు, ఆ లాగుడుకే స్టాటిక్ రావచ్చు, సేఫ్టీ షవర్ కింద తడిశాకే విప్పాలి.